గిద్దతో కొలిచిన రైలు పెట్టెలు

రైలు పెట్టెల్లో ఏది మంచిదని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు. పరుపు మెత్తగా ఉందా, దుప్పటి ఉతికిందేనా, పై బెర్తువాడు గురక పెట్టాడా అని చూస్తారు. నేను వాటిని నీళ్ళతో కొలిచాను. ఏ పెట్టెలో పడుకుంటే మనిషికి ఎన్ని గిద్దల నీళ్ళు ఖర్చవుతాయో నాకు తెలుసు. పలాస నుంచి ఖరగపూర్ దాకా పోయి, తిరిగి వచ్చి తేల్చుకున్న లెక్క ఇది. నేను చదివింది మూడో తరగతే. అయినా ఈ లెక్కలో ఎవరితోనైనా పందెం కాస్తాను.

గిద్ద అంటే మా అత్తగారు నూనె కొలిచిన ఇత్తడి గిద్ద. అరచేతిలో ఇమిడిపోతుంది. నిండా పోస్తే పెద్ద మనిషికి రెండు గుక్కలు, మూడోది అనుమానం. ఆవిడ పోయాక అది నా చేతికి వచ్చింది. నూనె, నెయ్యి, పాలు, అన్నీ దానితోనే పోసేదాన్ని. ఊళ్ళో నన్ను పిసినారి అన్నారు. అననీ. గిద్దతో పోసిన ఇంట్లో నూనె నెలాఖరు దాకా ఉంటుంది, సీసాతో వొంపిన ఇంట్లో ఇరవయ్యో తారీకుకే సీసా బోర్లిస్తారు.

ఆ గిద్దకు మూడేళ్ళ కిందట కొత్త పని వచ్చింది. మా యారాలికి, అంటే నా మరిది పెళ్ళానికి, కిడ్నీలు రెండూ పాడయ్యాయి. మా ఉద్దానంలో ఈ సంగతి ఎవరికీ విడమర్చి చెప్పనక్కరలేదు, ప్రతి వీధిలోనూ ఒకరున్నారు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఆ జబ్బు మనిషి తాగిన నీరు ఒంట్లోంచి బయటికి పోదు. అక్కడే ఉండి కాళ్ళలోకి, ఆపైన ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. సోమ, బుధ, శుక్రవారాలు పలాస ఆసుపత్రికి వెళ్ళి డయాలసిస్ మిషను మీద పడుకుంటే ఆ మిషను లాగేస్తుంది. అందుకని రోజుకు ఇంతే తాగాలని ఒక హద్దు పెట్టారు. అక్కడి నర్సమ్మ నా గిద్దను తన గీతల సీసాలో ఒంపి చూసి, రోజుకు పన్నెండు గిద్దలు, టీతో సహా అని తేల్చింది.

మిషను ఎక్కే ముందు కాటా ఎక్కిస్తారు. కిందటిసారి కంటే ఎంత బరువు పెరిగితే అంత నీరు చేరినట్టు. శుక్రవారానికీ సోమవారానికీ మధ్య రెండు రోజుల ఖాళీ కదా, సోమవారం కాటా అంటే అందరికీ దడ. మా యారాలు ఏ సోమవారమూ మూడు కిలోలకు తక్కువ పెరిగింది లేదు. గిద్ద నాదే అయినా కుండ వాళ్ళ వంటింట్లో ఉండేది, నా కన్ను దాటాక ఏం జరిగేదో దేవుడికి తెలియాలి. ఆయాసంతో రొప్పుకుంటూ ఆటో దిగేది. వాకిలి నిండా కొబ్బరి చెట్లు, కాని బొండాం నీళ్ళు ఆమెకు విషం. అందులో ఏదో ఉప్పు ఉంటుందట, అది గుండెను ఆపేస్తుందట. సొంత తోటలో కాయ పడిన చప్పుడు వింటూ నాలుక తడుపుకునేది.

ఆమె అన్న ఒకాయన ఖరగపూర్లో ఉన్నాడు. రైళ్ళు బాగుచేసే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైనవాడు. మా వైపు నుంచి ఆ కాలంలో ఎంతమంది వెళ్ళారో, అక్కడ వీధులకు వీధులే తెలుగు మాట్లాడతాయి. ఆయన మంచం దిగడం లేదని వేసవిలో కబురు వచ్చింది. మా యారాలు ఏడవలేదు. మా వైపు అక్కను అప్ప అంటారు, ఆమె నన్ను అలాగే పిలుస్తుంది. ఆ పూట కొబ్బరి ఈనెలు చీరుతూ, తలెత్తకుండా ఒక్క మాట అంది.

"అప్పా, మాయన్నని ఒక్కసారి సూసొచ్చీసినాననుకో, ఇంకేటీ అడగను."

శుక్రవారం మధ్యాహ్నం మిషను దిగుతుంది. సోమవారం పొద్దున్న మళ్ళీ ఎక్కాలి. మధ్యలో ఉన్నదే వెళ్ళి రావడానికి వ్యవధి. నేను తీసుకెళ్తానన్నాను.

ఆమె కొడుకు ఒప్పుకోలేదు. మంచివాడే, తల్లిని మూడేళ్ళుగా వారానికి మూడుసార్లు మోస్తున్నవాడు. వాడి భయం వాడిది. వాకిట్లో నిలబడి అడిగాడు.

"దారిలో ఆయాసమొస్తే రైలాపుతారేటి పెద్దమ్మా?"

"ఆపరు. అందుకే ఆయాసం రానివ్వను."

"ఇంటికాడ ఉంటేనే మూడు కిలోలు పెరుగుతాది. రైల్లో ఏటి సేత్తావు?"

"ఇంటికాడ కుండ మీ సేతిలో ఉన్నాది. రైల్లో నా సేతిలో ఉంటాది."

చివరికి వాడు షరతు పెట్టాడు. "సరే. సోమారం కాటా మీద రెండున్నర దాటిందనుకో, మరింక మాయమ్మ పలాస దాటి ఎల్లదు. నువ్వడిగినా నేదు, ఆ మావయ్య కబురెట్టినా నేదు."

నేను సరేనన్నాను. అలా సోమవారం కాటా మీద మా ఇద్దరి పరువూ, ఆమె మిగిలిన ప్రయాణాలూ కూర్చున్నాయి.

టిక్కెట్లు నా కోడలు ఫోనులో తీసింది. తీసే ముందు నాకు ఏవేవో రైళ్ళు చూపించింది. ఎక్కడో యాత్రలకు పోయే రైలట, అందులో పడుకునే గది వేరు, కూర్చునే గది వేరు. సోఫాలు, గాజు బల్లలు, పూలకుండీ. లాంజ్ అంటారట. పడక గదీ, చావిడీ కలిపి చక్రాల మీద పెట్టారన్నమాట. మా రైలుకు అవేమీ లేవు గాని ఏసీ పెట్టె ఉంది, అందులో తీయమంటావా అత్తా అంది. కిటికీలోంచి గాలి ఉత్తినే వస్తుంటే చలి కొనుక్కోవడం దేనికని, స్లీపరే తీయమన్నాను. పెద్ద వయసు ఆడవాళ్ళకు కింద బెర్తులు వస్తాయి, అవి వస్తే చాలన్నాను. ఇది నా మొదటి తప్పు.

రెండో తప్పు కొబ్బరికాయలు. ఉద్దానం మనిషి చుట్టాలింటికి చేతులూపుకుంటూ పోదు. ఇరవై కాయలు ఏరాను. పీచుతో పట్టుకెళ్తే రెండు బస్తాలవుతాయి, చోటు దండగ. అందుకని పీచు ఒలిపించి, పిలక మాత్రం ఉంచి, ఒక్క గోనెలో కుక్కి మూతి కుట్టాను. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను.

నీళ్ళ లెక్కకు కాగితం పెట్టుకోలేదు. మా తోటల్లో కాయలు లెక్కపెట్టేటప్పుడు వందకొక కాయ పక్కన పెడతాం. నోటి లెక్క తప్పుతుంది, పక్కన పెట్టిన కాయ తప్పదు. అలాగే పన్నెండు జీడిపిక్కలు తీసుకుని కొంగు కుడి చివర ముడి వేసుకున్నాను. ఒక గిద్ద తాగితే ఒక పిక్క ఎడమ చివరికి మారుతుంది. తెల్లవారితే అన్నీ మళ్ళీ కుడివైపుకు. పప్పు కాకుండా పిక్కలే ఎందుకంటే, పప్పయితే ఎవరో ఒకరు నోట్లో వేసుకుంటారు. పిక్క కొరికితే దాని తొక్కలోని జీడికి మూతి కాలుతుంది. లెక్క భద్రంగా ఉంటుంది.

శుక్రవారం మిషను దిగేసరికి మధ్యాహ్నం అయింది. సగం రోజే కాబట్టి ఆరు పిక్కలే ఇచ్చాను. రైలు రాత్రి ఏడున్నరకు. పలాస స్టేషన్లో వెయిటింగ్ హాలుకు వెళ్ళాం. ఇనప కుర్చీలు, కుర్చీకీ కుర్చీకీ మధ్య కమ్మీలు, వాలడానికి వీల్లేదు. కుర్చీలు వదిలేసి ఫ్యాను కింద నేల మీద దుప్పటి పరిచాను. మిషను దిగిన రోజు ఆమెకు ఒళ్ళు తెలియని నిద్ర వస్తుంది. సాయంత్రం దాకా పడుకుంది. ఆ ఏడు గంటలకూ రెండు గిద్దలే. పలాస స్టేషను నేలకు నేను మంచి మార్కులు వేస్తాను.

రైలెక్కాం. స్లీపరు పెట్టె నాకు కొత్త కాదు. కిటికీ పక్కన కింద బెర్తు, ఎదురుగా ఇంకో కింద బెర్తు, పైన రెండు, ఆపైన రెండు, నడవ పక్కన ఇంకో ఇద్దరు. ఎవరి కూర వాసన వారిది కాదు, అందరిదీ. నాకు ఆ సందడి ఇష్టమే. కాని వైశాఖ మాసంలో కిటికీ గాలి గాలి కాదు, పొయ్యి ఊదిన సెగ. సోంపేట దాటకుండానే ఒక పిక్క, ఇచ్ఛాపురం దగ్గర ఇంకొకటి ఎడమవైపుకు పోయాయి. పెదవులు ఎండిపోతున్నాయంటుంది. తడి గుడ్డ పెదవుల మీద వేస్తే క్షణంలో ఆరిపోతోంది.

బరంపురం దాటాక దీపాలార్పారు. అప్పుడు మొదలైంది. నేను కళ్ళు మూసుకున్నాను, ఆమె చటుక్కున లేచి కూర్చుంది.

"అప్పా, నా కింద సెరువున్నాదేటి?"

"సెరువేటే? తొంగో."

"ఇనవే. గలగలమంటన్నాది."

చెవి పెట్టి విన్నాను. ఆమె బెర్తు కింద నేను తోసిన గోనెలో ఇరవై కాయలు, పీచు లేని కాయలు, రైలు ఊగినప్పుడల్లా ఇరవై కాయల్లో నీళ్ళూ ఒక్కసారే గలగలమంటున్నాయి. పీచుంటే ఆ చప్పుడు వినపడేది కాదు. చోటు కలిసొస్తుందని నేనే ఒలిపించాను. దాహంతో ఉన్న మనిషి తల కింద ఇరవై కాయల నీళ్ళు పెట్టి నిద్రపొమ్మంటున్నాను.

గోనె బయటికి లాగి, ఈడ్చుకుంటూ తలుపు దగ్గరికి తీసుకుపోయాను. వదిలి వస్తే పోతాయి. కాబట్టి గోనె మీదే కూర్చున్నాను.

అక్కడ కూర్చున్నాక తెలిసింది, కోడలు ఫోనులో చూపించిన లాంజ్ మా రైలుకు కూడా ఉందని. తలుపులకూ ముఖం కడుక్కునే తొట్టికీ మధ్య ఆ నాలుగడుగుల చోటే. నిద్ర పట్టనివాళ్ళంతా అక్కడికే వస్తారు. గోడకు ఉన్న ప్లగ్గులో ఫోను పెట్టుకుని కాపలా నిలబడేవాడు, పిల్లను భుజాన వేసుకుని జోకొట్టే తల్లి, బకెట్ బోర్లించి నడుం వాల్చిన టీ అమ్మే అతను. మాటలు ఒరియా, తెలుగు, హిందీ, కలగాపులగం. ఇరవై కాయలు ఎక్కడికని అడిగారు, చెప్పాను. టీ అతను గోనె మీద చెవి ఆనించి విని నవ్వాడు. మనుషులతో కాలక్షేపం కావాలంటే సోఫాల గది కన్నా అదే మేలు. కాని అక్కడ కూర్చుంటే నా కాపలా చెడింది. పావుగంటకోసారి వెళ్ళి చూస్తే ఆమె కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. ఉన్న నాలుగు పిక్కలూ అయిపోయి, శనివారం వాటాలోంచి మూడు అప్పు తెచ్చుకోవలసి వచ్చింది.

స్లీపరు పెట్టె: ఏడు గిద్దలు. నేను చౌక అనుకున్న బెర్తు నీళ్ళ లెక్కలో బాగా ఖరీదు పడింది.

ఖరగపూర్లో తెల్లవారింది. దిగగానే ప్లాట్‌ఫారం మీదే నిలబడి కోడలికి ఫోను చేశాను. రేపటి టిక్కెట్లు ఏసీ పెట్టెలోకి మార్చమన్నాను.

"అత్తా, నీ ఒంట్లో బాగున్నాదా?" అని అడిగింది.

"నా ఒంటికేటి? మార్సు. కింద బెర్తులే కావాల."

ఆ అన్నాచెల్లెళ్ళు కలిసిన సంగతి ఎక్కువ చెప్పను. ఆయన మంచం మీద దిళ్ళకు ఆనుకుని ఉన్నాడు. ఈమె పక్కన కూర్చుని ఆయన చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. డయాలసిస్ సూదులతో ఉబ్బిన ఆమె చేతి నరాన్ని ఆయన బొటనవేలితో తడిమి చూశాడు. ఇద్దరూ జబ్బుల గురించి ఒక్క మాట మాట్లాడుకోలేదు. చిన్నప్పుడు జీడి తోటలో ఎవరు ఎవరిని తోస్తే ఎవరి మోచెయ్యి విరిగిందో, ఆ తగవే శనివారమంతా నడిచింది. చిట్టచివరికి కూడా తేలలేదు.

నేను ఒక కాయ కొట్టి ఆ నీళ్ళు ఆయన గ్లాసులో పోశాను. ఆయన నోటి దాకా తీసుకెళ్ళి ఆగి, చెల్లెలి వైపు చూశాడు.

"తాగన్నా," అంది ఆమె. "రాత్తిరంతా నన్ను ఏపుకు తిన్నాయి. పగ తీర్సీ."

ఆయన తాగుతుంటే పొలమారేంత నవ్వు వచ్చింది ఇద్దరికీ. శనివారం ఆమెకు మిగిలింది తొమ్మిది గిద్దలు. తొమ్మిదే తాగింది. వాళ్ళ కోడళ్ళు పాపం సాంబారు, మజ్జిగ, పాయసం అన్నీ చేశారు. నేను గుమ్మంలో కూర్చుని పొడి కూరలే లోపలికి పోనిచ్చాను. వాళ్ళు నన్ను ఏమనుకున్నారో వాళ్ళ ముఖాల్లోనే కనిపించింది. పట్టించుకోలేదు.

ఆదివారం పొద్దున్న ఎనిమిదికి రైలు. ఇంట్లో రెండు గిద్దలు ఇచ్చి స్టేషనుకు వస్తే, రైలు అయిదు గంటలు ఆలస్యం అన్నారు. ఎండ అప్పుడే ప్లాట్‌ఫారాన్ని పెనం చేస్తోంది. అయిదు గంటలు ఆ పెనం మీద కూర్చుంటే నా లెక్క మాడిపోతుంది. ఏసీ లాంజ్ అని బోర్డున్న గది ఒకటి కనిపించింది. గంటకు ఇంత అని తీసుకుంటారట. జీవితంలో కుర్చీకి అద్దె కట్టినదాన్ని కాదు. ఆమె పెదవులు చూసి, కట్టేశాను.

లోపల అడుగు పెడితే ఆసుపత్రి మిషను గదంత చల్లన. సోఫాలు, గాజు బల్ల, గోడకు టీవీ. కోడలు చూపించిన బొమ్మ అచ్చంగా అదే, చక్రాలు లేవంతే. మా యారాలు సోఫాలో కూర్చుంటే నడుం దాకా దిగబడింది.

"అప్పా, ఇందులోంచి నెగడమెలగే?"

"రైలొచ్చినప్పుడు సూద్దాం. కూకో."

అంతా బాగానే ఉందనుకున్నాను. గంట గడిచేసరికి ఆ గది లోపాలు బయటపడ్డాయి. సోఫా ఎదురుగా అద్దాల ఫ్రిజ్, లోపల దీపం, దీపం వెలుగులో వరసలుగా చెమట పట్టిన నీళ్ళ సీసాలు. వచ్చినవాడల్లా ఒకటి తీసి గటగట తాగుతున్నాడు. ఆమె టీవీ చూడటం లేదు, వాళ్ళ గొంతులు చూస్తోంది. లేపి, ఫ్రిజ్‌కు వీపు పెట్టి కూర్చోబెట్టాను. ఇంకో గంటకు పాదాలు ఉబ్బాయి. ఎంత మెత్తని సోఫా అయినా కాళ్ళు కిందికి వేలాడవలసిందే, నీరంతా కిందికి దిగవలసిందే. మా సంచి మీద కాళ్ళు పెట్టి, సంచిని గాజు బల్ల మీదికి ఎక్కించాను. అక్కడి మనిషి వచ్చి హిందీలో వద్దన్నాడు. నాకు హిందీ రాదు. ఆమె పాదం మీద వేలితో నొక్కి, పడిన గుంటను చూపించాను. అతను ఆ గుంటను చూసి, లోపలికి పోయి ప్లాస్టిక్ స్టూలు తెచ్చి ఇచ్చాడు. ఆ ఒక్క స్టూలు వల్లే నేను కట్టిన అద్దె మీద నాకు కోపం పోయింది.

లాంజ్: అయిదు గంటలకు మూడు గిద్దలు. ప్లాట్‌ఫారం కన్నా వెయ్యి రెట్లు మేలు. కాని చల్లదనం ఒక్కటే చాలదని అక్కడ నేర్చుకున్నాను. మనిషికి నడుం వాలాలి.

ఒంటిగంటకు రైలొచ్చింది. ఏసీ పెట్టెలో మొదటిసారి కాలు పెట్టాను. నాది ఒక కింద బెర్తు, ఆమెది ఎదుటిది. కాగితం సంచిలో దుప్పట్లు ఇచ్చారు. ఆమె ఆ తెల్ల దుప్పటిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మిషను కాడ ఏసిన దుప్పటీలాగే ఉన్నాదే. సూది నేదు, అంతే."

కాళ్ళ కింద సంచి పెట్టి పడుకోబెట్టాను. కిటికీ అద్దం మూసే ఉంది, సెగ లేదు, దుమ్ము లేదు, టీ కేక కూడా మెత్తగా వినపడుతోంది. అర్ధగంటలో నిద్రపోయింది. స్లీపరు పెట్టెలో ఉన్న సందడి ఇక్కడ లేదు, ఎవరి తెర వెనక వాళ్ళు ఫోను చూసుకుంటారు. నాకు తోచలేదు. కాని నా కాలక్షేపం కోసం వచ్చామా? నిద్రపోయే మనిషి నీళ్ళడగదు. బాలేశ్వర్ పోయింది, భద్రక్ పోయింది, కుడివైపు ముడిలో ఏడు పిక్కలూ ఏడుగానే ఉన్నాయి. నేను వాటిని బట్ట మీది నుంచి నొక్కి చూసుకుంటూ రాణిలా కూర్చున్నాను.

కటక్ దగ్గర మహానది వంతెన మీద లేచింది. ఎండాకాలం నది, అంతా ఇసకే, మధ్యలో సన్నగా ఒక నీటి పాయ. అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూసింది.

"దీనికి కూడా నువ్వే పోసినట్టున్నావు అప్పా, గిద్దతోటి."

మాత్రకు ఒక గిద్ద, టీకి ఒక గిద్ద పోశాను. పై బెర్తు ఆవిడ అప్పుడు కిందికి దిగి కూర్చుంది. నగరంలో ఉండే ఆవిడ, తెలుగే. నేను గిద్దతో కొలవడం చూసి చూసి ఉండబట్టలేక తన చల్లని సీసా తీసి మా యారాలి చేతిలో పెట్టింది. పెద్దావిడా, అయినవాళ్ళకు నీళ్ళు కూడా కొలుస్తారా అని నా ముఖం మీదే అంది. సీసా మా యారాలి చేతిలో ఉంది. మూత కూడా తీసి ఉంది. నేను లాక్కుంటే లాక్కోవచ్చు, కాని చిన్నపిల్ల చేతిలోంచి లాక్కున్నట్టు లాక్కుని తాగనివ్వకపోతే అది గెలుపు కాదు.

మా యారాలు సీసాను బుగ్గకు ఒకసారి ఆనించుకుని తిరిగి ఇచ్చేసింది.

"తల్లీ, మా అప్ప పిల్లికి పాలు కూడా ఈ గిద్దతోనే పోత్తాది. నాకే కాదు. ఆ పిల్లి పదకొండేల్లు బతికినాది."

ఆవిడకు సంగతి తర్వాత నేను చెప్పాను. ఆవిడ తన సీసాను సంచి అడుగుకు తోసేసి, దిగేదాకా మా ఎదుట ఒక్క గుక్క తాగలేదు.

అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా, భువనేశ్వర్ దాటాక ఆమె ముఖం కడుక్కుని వస్తానని తొట్టి దగ్గరికి వెళ్ళింది. నేను మాత్రలు సర్దుతున్నాను. రావడం ఆలస్యమైంది. వచ్చాక చూస్తే గడ్డం నుంచి నీళ్ళు కారుతున్నాయి, జాకెట్టు మెడ దగ్గర తడి.

"తాగినావా?"

"ముకం కడుక్కున్నానప్పా."

"నోరు కూడా కడుక్కున్నావేటి?"

గోడవైపు తిరిగి పడుకుంది. పిక్కలకు తెలిసింది నేను పోసిన నీళ్ళే, కుళాయి నీళ్ళకు నా దగ్గర పిక్క లేదు. ఆ తర్వాత పలాస వచ్చేదాకా ఆమె అడిగింది ఒక్క గిద్దే. నాకు మాత్రం మిగతా దారంతా లెక్క తెలియని పద్దు ఒకటి గుండెలో ఉంది.

ఏసీ పెట్టె: మూడు గిద్దలు. నిజమైతే.

రాత్రి పదికి పలాసలో దిగాం. కొడుకు ఆటోతో వచ్చాడు. తల్లిని పలకరించే ముందు వంగి పాదాలు చూశాడు. ఇంటికి పోయాక ఇంకొక్క గిద్ద. తెల్లవారినా పిక్కలు మార్చలేదు, ఆదివారం వాటాలో మిగిలిన మూడూ కుడివైపు ముడిలోనే ఉన్నాయి.

సోమవారం పొద్దున్న డయాలసిస్ గదిలో కాటా. ఆమె చెప్పులు విప్పింది, కొంగు దోపుకుంది, ఎక్కింది. నర్సమ్మ అంకె చూసింది, శుక్రవారం రాసిన కాగితం చూసింది, దిగమంది. కాటా తట్టి మళ్ళీ ఎక్కమంది. కొడుకు ముందుకు వచ్చి తనే వంగి చూశాడు.

"కిలో తొమ్మిదొందలు," అంది నర్సమ్మ. మూడేళ్ళలో ఏ సోమవారమూ ఇంత తక్కువ లేదని, ఏ ఊళ్ళో ఏ ఆసుపత్రిలో ఉంచారని అడిగింది.

రైల్లో ఉంచానన్నాను.

కొడుకు ఇంకా ఆ అంకె వైపే చూస్తున్నాడు. నా మీద విసుక్కున్నట్టు అడిగాడు. "ఆ ఏసీ పెట్టెలోనే కదా ఎక్కించినావు? వచ్చినెల కూడా ఆ పెట్టెలోనే తియ్యమను. రానూ పోనూ."

ఆమె మంచం మీద పడుకుంటూ నన్ను దగ్గరికి పిలిచింది.

"పుక్కిలించి ఉమ్మీసినానప్పా ఆ తొట్టికాడ. మూడుసార్లు. మింగనేదు. నువ్వడిగినప్పుడు సెప్తే నమ్మవని కాటా ఎక్కేదాకా ఊరుకున్నాను."

నాకు ఆ మాటకు కోపం రావాలి. రాలేదు.

మిషను మీద ఉండగా కాసిన్ని తాగినా ఫరవాలేదా అని నర్సమ్మను అడిగాను. మిగిలినవి ఎన్ని అంది. కొంగు ముడి విప్పి మూడు పిక్కలు చూపించాను. నవ్వి, ఇవ్వమంది. ఇంటి కుండలోంచి తెచ్చిన నీళ్ళు గిద్దతో ఒకటి, రెండు, మూడు పోశాను. విడివిడిగా ఇవ్వలేదు. మూడూ ఒక్క గ్లాసులోకే పోశాను. ఆమె మూడేళ్ళుగా ఒక్కసారిగా అన్ని నీళ్ళు గ్లాసులో చూసి ఎరగదు. రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని, చప్పుడయ్యేలా, ఆపకుండా తాగింది. గదిలో మంచాల మీదున్నవాళ్ళంతా తలలు తిప్పి ఆమెను చూశారు. తాగి గ్లాసు బోర్లించి చూపించింది, ఒక్క చుక్క కింద పడలేదు.

పిక్కలు పన్నెండూ ఇంటికి తెచ్చి బస్తాలో పోసేశాను. వచ్చే నెల ప్రయాణానికి మళ్ళీ అందులోంచే తీసుకోవచ్చు.